ఎనభయ్యారో నంబరు

పొద్దున నాలుగూ నలభైకి ప్రెస్టన్ డిపోలో
ఒక్కో ట్రాము ఒళ్ళు విరుచుకుని లేస్తుంది.
నేను ఫ్లాస్కులో చారు తెచ్చుకుంటాను.
కాఫీ కాదు, చారే.
మిరియం ఘాటు గొంతులోకి దిగితే గానీ
నా చెయ్యి హ్యాండిల్ మీదకి పోదు.

పదకొండేళ్ళు ఒక ఇన్సూరెన్సు కంపెనీలో
జీతాల లెక్కలు చూశాను.
ఎవరికెంతో నాకు తెలుసు,
నాకు తెలుసని వాళ్ళకి తెలుసు,
అందుకే భోజనాల వేళ నా పక్కన ఎవరూ కూచునేవారు కాదు.
ముప్ఫై మందిని తీసేసిన నెలలో
వాళ్ళందరి ఆఖరి జీతం లెక్క కట్టింది నేనే.
ఇరవై రెండో పేరు నాది.
సెంటు తేడా రాకుండా కట్టాను.

"దాని బతుకు పట్టాలు తప్పింది" అందట సుగుణత్త
ఫోనులో, అక్కతో.
అక్క నాకు చెప్పేసి నాలిక్కరుచుకుంది.
నాకు నవ్వాగలేదు.
అత్తా, పట్టాలు తప్ప ఇంకేదీ తెలియనిదాన్నే కదే
రోజూ నేను తోలుతున్నది!

తార్నీట్‌లో ఎవరడిగినా అక్క
"ట్రాన్స్‌పోర్టు డిపార్టుమెంటులో ఉంది" అంటుంది.
అబద్ధం కాదు,
పెళ్ళిచూపుల్లో వయసు చెప్పినట్టు.
దాని కొడుకు అద్వయ్ మాత్రం
బళ్ళో బొమ్మ గీశాడు:
ట్రాము కంటే పెద్దగా నేను,
కిటికీలోంచి బయటికొచ్చిన నా జడ.
నాకు జడ లేదు. కత్తిరించి నాలుగేళ్ళయింది.

ఇక ఆ సంగతి.
ముప్ఫై ఏడేళ్ళొస్తే మా ఇళ్ళలో దానికి పేరుండదు,
"ఆ సంగతి" అంటారంతే.
ఫిబ్రవరిలో ఒక పళ్ళ డాక్టరు.
నార్త్‌కోట్‌లో తెల్ల గుడ్డ పరిచిన బల్ల.
"ట్రామా? సరదాకా?" అన్నాడు.
"కాదండీ, ఇంటద్దెకి" అన్నాను.
మర్యాదస్తుడు పాపం,
మిగిలిన గంటసేపూ నా జ్ఞానదంతం గురించి మాట్లాడాడు.

ఏప్రిల్‌లో ఇంకొకాయన.
తన ఫోటోకంటే పదేళ్ళు ఆలస్యంగా వచ్చాడు.
విడిపోయిన భార్య గురించి చెబుతూ చెబుతూ ఏడ్చాడు.
కాగితం రుమాళ్ళు నేనే అందించాను.
బిల్లు చెరిసగం.
ఇంటికొచ్చి
వంటగట్టు దగ్గర నిలబడే పెరుగన్నం తిన్నాను.
ఆకలి వేసినందుకు కొంచెం సిగ్గేసింది కూడా.

ట్రైనింగులో మొదటి రోజు చెప్పిన మాట:
ఇది పక్కకి తప్పుకోలేదు.
ఎదురుగా కుక్కొచ్చినా, కారొచ్చినా,
నీ సొంత అక్కొచ్చినా
గంట కొట్టాలి, బ్రేకు వెయ్యాలి, ఇసక వదలాలి.
ఇసకంటే ఉత్త ఇసకే.
చక్రాల ముందు పట్టాల మీద సన్నగా రాలుతుంది.
అంత ఇనుముని
పిడికెడు ఇసక ఆపుతుందన్న సంగతి
ఏ జీతాల పట్టీలోనూ నాకు కనపడలేదు.

గెర్‌ట్రూడ్ వీధి మలుపులో ఒక రొట్టెల కొట్టుంది.
ఐదున్నరకి ఒకతను
పిండి బస్తా భుజాన వేసుకుని ఆగి
నేను దాటేదాకా చూసి వీధి దాటతాడు.
కనుబొమల మీద కూడా పిండి.
ఖాళీగా ఉన్న చెయ్యి కొంచెం లేపుతాడు,
నాకో, ట్రాముకో తెలీదు.

పోయిన మంగళవారం
అడ్డం ఎవరూ లేకపోయినా గంట కొట్టాను.
ఒక్కసారే.
రూల్సులో లేదది.
వెనక సీట్లో నిద్రపోతున్న నర్సు ఉలిక్కిపడి లేచి
తన స్టాపు దాటిపోలేదు కదా అని బయటికి చూసింది.
క్షమించమ్మా, అనుకున్నాను.

అతని పేరు తెలీదు.
అక్కకి చెప్పలేదు.

బండూరా చివర అందరూ దిగిపోయాక
ఖాళీ ట్రాములో ఈ కొసనుంచి ఆ కొసకి నడుస్తాను.
ఒక గొడుగు, ఒంటి చేతితొడుగు,
సగం తిన్న యాపిల్ తీసి పక్కన పెడతాను.
అటు తలుపు తెరిచి కూచుంటే
ఇందాకటి వెనకే ఇప్పుడు ముందు.
ఇంకా ఆరు నిమిషాల టైముంది.
ఫ్లాస్కు మూతలోకి చారు వంచుతాను.
చల్లారిపోయింది,
అడుక్కి చేరిన మిరియాల పొడి మాత్రం
ఇంకా కొడుతోంది.