రెండు వేళ్ల సందు

రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తాయంటారు.
నా గొడుక్కి నాలుగు కన్నాలు,
నాలుగు ఎండబిళ్లలొచ్చి తాళాల మీద కూకున్నాయి.
గంటస్తంభం కాడ, చెప్పులకొట్టు అరుగు పక్కన
ఇరవై రెండేళ్లుగా ఇదే గోనెపట్టా నాది.

తెల్ల కారొకటొచ్చి ఆగినాది.
ఒకావిడ దిగినాది, చేతిలో జాకెట్టు ముక్క,
దానికి రంగు కలిసే ఫాలు గుడ్డ కావాల,
మందులు కొనాల, బేంకులో సంతకం పెట్టాల,
ఫోన్లో ఎవరికో చెప్తానే నడిచినాది.
మళ్లీ ఎనక్కొచ్చి అద్దం మీద గోరుతో తట్టి
"అయిదు నిమిషాల్రా చెగోడీ" అన్నాది.

చెగోడీ.
తోక చూస్తే పేరెందుకో తెలిసిపోనాది.
గోధుమరంగు ఊరకుక్కే. మెళ్లో ఎర్రపట్టీ, చిన్న గంట.
అద్దం రెండు వేళ్ల సందు ఒగ్గీసి ఉన్నాది.
చెడ్డ మనిషి కాదావిడ,
రెండు వేళ్లు ఒగ్గినాది గదా.

నానొక బీరువా తాళం అరగదీసి ఇచ్చీసినాను.
ఇంకో సైకిలు తాళం.
కుక్క ముందు సీట్లోంచి ఎనక సీట్లోకి,
ఎనక నుంచి ముందుకి.
మొరిగినాది.
తర్వాత మొరగలేదు.
అదే నాకు బాగోలేదు.

"ఏసీ ఉంటాదిలే మావా" అన్నాడు నిమ్మసోడా గౌరేసు.
"బండి ఆపీసినాక ఏసీ ఏటిరా,
పొయ్యి మీద మూతెట్టినట్టుంటాది."
కారు మీద చెయ్యేసి చూసినాను. అట్లపెనం.
లోపల అద్దానికి ముక్కు ఆనించిన చోట
గుండ్రంగా ఆవిరి.
పెరుగుతన్నాది, ఆరిపోతన్నాది,
పెరగడం తగ్గిపోతన్నాది.

చెప్పలేదు గదా మీకు,
నాను పుట్టుకతో తాళాలోణ్ని కాను.
నెల్లిమర్ల జూట్‌మిల్లులో ఉండీవోణ్ని, మాయావిడ కూడా.
ఇద్దరికీ ఒకే షిఫ్టు పడిన నెల
మా ఎర్నమ్మని, మూడేళ్ల గుంటని,
లోపలెట్టి తాళం ఏసీవోళ్లం.
గిన్నెలో గంజి, మరచెంబుతో నీళ్లు, గుడ్డబొమ్మ.
ఎనిమిది గంటలు.
తాళంచెవి నా మొలతాడుకుండీది.
సాయంత్రం సందు తిరిగీసరికి
తలుపు కింద నుంచి రెండు వేళ్లు
బయటికుండీవి, మట్టి మీద.
మా అడుగులు ఇనపడితేనే కదిలీవి.

మిల్లుకి తాళం పడినాక
తాళాల పనే ఎందుకు నేర్చుకున్నావంటే
ఏటి చెప్తాను.

పని నేర్పిన కరీం సాయిబు మొదటిరోజే ఒట్టేయించుకున్నాడు:
సొంతదారు అడక్కండా ఏ తాళమూ ముట్టకు.
ఒట్టు ఒగ్గీసినాను.
సన్న కమ్మీ వంచి సందులోంచి దించినాను.
జారిపోనాది. మళ్లీ వంచినాను.
చెగోడీ లేచొచ్చి నా వేళ్లు నాకినాది.
ఆ నాలిక, అమ్మో, కాగిన గరిటె.

టక్కుమన్నాది.
తలుపు బారుగా తీసినాను.
కుక్క దిగలేదు.
ఉండమన్నారు గదా, ఉన్నాది.

ఎత్తుకొచ్చి గొడుగు కింద పడుకోబెట్టినాను.
గౌరేసు అయిసుగడ్డ పగలగొట్టి నీళ్లలో ఏసినాడు.
నాలుగు ఎండబిళ్లలూ దాని ఈపు మీదికొచ్చీసినాయి,
నాను జరిగి అడ్డం కూకున్నాను.

ఆవిడొచ్చినాది. ముందు నన్ను చూసి కేకేసినాది,
తర్వాత దాన్ని చూసి రోడ్డు మీదే కూలబడిపోనాది.
ఫాలు గుడ్డ తడి నేల మీద పడినాది, రంగు సరిగ్గా కలిసినాది.
"ఎంతివ్వాలి" అన్నాది చాలాసేపటికి.
నాకు లెక్క తోచలేదు.

రాత్రి ఎర్నమ్మకి ఫోన్ చేసినాను, బొబ్బిలి.
"నీకు గుర్తుందేటే, చిన్నప్పుడు..."
"ఏటి నాన్నా?"
"ఏటీ లేదు. ఎండలెలాగున్నాయక్కడ?"
"మండిపోతన్నాయి. మాకేటిలే,
మా ఇంట్లో తలుపులు
రాత్రయినా నాను మూయనియ్యను గదా."