పంపకానికి రాని బండి

అమరిల్లోలో మోటెల్‌ని రెండుగా కోశారు అన్నదమ్ములు.
ఇరవై రెండు గదులు. పదకొండు, పదకొండు.
ఐసు మిషను బావగారికి, వాషింగ్ మిషన్లు మా ఆయనకి.
ఆఫీసు గోడ మీది గడియారం కోసం
లాయరు దాకా వెళ్ళారు.
అది మాయమైంది కాబట్టి ఆగారు గానీ.
వాళ్ళు విడిపోయారు.
తోడికోడళ్ళం మేమే
విడిపోవడం మర్చిపోయాం.

మిగిలింది ఈ బండి.
ఇరవై తొమ్మిది అడుగులు, ఒక స్టవ్వు, ఒక సింకు, రెండు పడకలు.
నాకొద్దన్నవాడు లేడు, నువ్వుంచుకో అన్నవాడూ లేడు.
"ఎవరూ నడపకపోతే బ్యాటరీ చస్తుందే"
అంది ఉత్పలక్క, తాళంచెవి కొంగున వేసుకుంటూ.
చెరో చీటీ రాసి చెరో ఫ్రిజ్‌కి అంటించాం.
నాది: పప్పు లోపల ఉంది.
అక్కది: పప్పు లేదు.

టుకుంకారి చేరేసరికి పడమటి ఆకాశం
రెండ్రోజుల కిందటి దెబ్బలాగా
పచ్చగా, నల్లగా కమిలి ఉంది.
పార్కులో బండి ఆపామో లేదో
పక్క బండి ముసలాయన, డెల్మర్ట పేరు,
టార్చిలైటుతో వచ్చి అద్దం మీద కొట్టాడు.
"గాలికి పక్క చూపించకండమ్మా. ముఖం చూపించండి.
పక్క దొరికిందా, పడేస్తుంది."
అక్క స్టీరింగ్ తిప్పింది.
నేను దుమ్ములో నిలబడి చేతులూపుతూ
రా, రా, ఇంకాస్త, చాలు చాలు అని అరిచాను.
గ్యాస్ కట్టేశాం. పందిరి గుడ్డ చుట్టేశాం.
గోంగూర సీసాకి నా ఊలు మేజోడు తొడిగాం.

ముందు చేటలో మినుములు.
తర్వాత పళ్ళెంలో గోళీలు.
ఆ తర్వాత పోలికలకి తీరిక లేదు.

పైకప్పు మీది ప్లాస్టిక్ మూత పగిలి
నిమ్మకాయంత మంచుగడ్డ
నేరుగా వచ్చి నా చెప్పులో కూర్చుంది.
దాని వెనకే వాన.
అక్క చపాతీ పీట లాగింది, నేను దాని మీద దిండు పెట్టాను.
ఇద్దరం మంచమెక్కి నాలుగు చేతులూ ఎత్తి
ఆకాశాన్ని ఆపుతూ నిలబడ్డాం.

చేతులు లాగేస్తున్నప్పుడు మనిషి అబద్ధమాడలేదు.
"ఆ గడియారం" అంది అక్క, "నేనే తీశాను."
"ఎక్కడుంది?"
"నీ వెనకే. బియ్యం డబ్బాలో."
"నడుస్తోందా?"
"మరిది మార్చిన బ్యాటరీ. అంత తొందరగా చావదు."
నవ్వితే పీట జారింది.
మెళ్ళోంచి వీపులోకి దిగాయి నీళ్ళు.

అరగంటో, గంటో.
బియ్యంలో చెయ్యి పెట్టి చూసే వీలేదీ?

ఒకసారి గాలి అడుగునుంచి చెయ్యి దూర్చి
బండిని ఎత్తి చూసింది, బరువెంతో అన్నట్టు.
నేను పక్కకి తిరిగాను.
అక్క కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది.
దండకమేమో అనుకున్నాను.
గదుల నంబర్లు.
నూట ఒకటి, నూట రెండు, నూట మూడు…
నూట పదకొండు దగ్గర
ఆగలేదు.
నూట పన్నెండు అంది. నూట పదమూడు.
చివరిదాకా చెప్పి
మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

పొద్దున్నే చూస్తే
డెల్మర్ గారి టోపీ మా వైపర్‌కి తగులుకుని ఉంది.
రోడ్డు పొడుగునా పాత మోటెళ్ళ రంగురంగుల గాజు.
బండి నెత్తి నిండా సొట్టలు,
ఒక్కో దాంట్లో ఉగ్గుగిన్నెడు నీళ్ళు, వాటిలో ఎండ.
నిచ్చెనెక్కి లెక్కపెట్టడం మొదలెట్టి
ఎనభై దగ్గర వదిలేశాను.
"విలువ సగానికి పడిపోయుంటుంది" అన్నాను కిందికి.
దువ్వెన పళ్ళ మధ్య పట్టుకుని
తడి జడ పిండుకుంటూ అక్క అడిగింది:
"ఎవరి సగం?"

టోపీ ఇచ్చేసి వచ్చాం.
ఇంజను మూడోసారికి అందుకుంది.
సీసాకి మేజోడు తియ్యలేదు.
పడమర ఇంకా చాలా ఉంది.