పదైదు సెకన్లు

ముప్పై ఏండ్లుగా బోరు మోటార్లకు వైండింగ్ చుట్టేవాణ్ని.
చేను గట్టు మీద నిలబడి వింటే చాలు,
నీళ్లు తోడతాందో గాలి తోడతాందో చెప్పేస్తా.
నిండు బోరులో మోటారు నింపాదిగా మూలుగుతాది,
ఎండిన బోరులోదే
ఎగిరెగిరి అరుస్తాది.

నా లోపలి మోటారు మాత్రం ఎన్నడూ వినలేదు,
గుత్తి కోట మూడో దర్వాజా కాడ
గోడకు ఆనుకొని కూలబడిందాకా.

కానిస్టేబుల్ పరుగుకు మెట్లెక్కి దిగే ఇమాంబీ
ఆగి, "చెయ్యి తే మామా" అంది.
బొటనేలి మొదట్లో, ఎముక పక్కన గుంతలో
మూడు వేళ్లు పెట్టింది.
"నువ్వు చూసుకునేటప్పుడు బొటనేలు పెట్టొద్దు.
దానికీ ఒక నాడి ఉండాది, అబద్ధం చెప్తాది."
పదైదు సెకన్లకు ముప్పై ఆరు.
నాలుగుతో గుణిస్తే నూటా నలభై నాలుగు.

"రెండొందల ఇరవైలో నీ వయసు తీసెయ్."
యాభై ఎనిమిది పోతే నూటా అరవై రెండు.
"అది గోడ. అందరికీ అదే కొలత కాదు గానీ,
ఉజ్జాయింపుకు పెట్టుకో.
నువ్వు నూటా పది కాడ నడువు చాలు.
ఎక్కేటప్పుడు మాట రావాల, పాట రాగూడదు.
పాటొస్తే సోమరితనం,
మాట రాకుంటే మొండితనం.
గుండెలో నొప్పొస్తే మాత్రం లెక్కలు మాని డాక్టరు కాడికి పో."

పొద్దున పక్క మీద కదలకముందు నాది డెబ్బై ఎనిమిది.
దానిది యాభై నాలుగంట!
"రక్తం లేదేమో పిల్లా, ఖర్జూరాలు తిను" అన్నా.
పడీపడీ నవ్వింది.
"నాది నిండు బోరు మామా."

గేజీలు, చుట్లు రాసుకునే పుస్తకంలోనే
వెనక పేజీ నుంచి నా గుండెను రాస్తా వచ్చినా.
ఉగాదికి డెబ్బై నాలుగు.
ఎండలు ముదిరినాక నీళ్లు చాలక ఎనభై రెండు.
జరమొచ్చిన మూడు దినాలూ తొంభై ఆరు,
ఆ పక్కనే సుంకన్న ఇయ్యాల్సిన బాకీ కూడా రాసినా,
దానికీ దీనికీ సంబంధం ఉందేమో తెలీదు.
తొలివాన పడిన రాత్రి డెబ్బై.

"ఎంత ఎగిరిందో కాదు మామా,
ఆగినాక నిమిషంలో ఎంత దిగిందో చూడు" అనేది.
స్విచ్చి ఆపితే ఫ్యాను రెక్కలు
ఒక్కొక్కటిగా కనపడినట్ల
నా ఊపిరి నాకు కనపడేది,
కోట మీంచి ఊరు కనపడినట్ల.

నిన్న రిజల్టు.
అంగట్లో కరెంటు లేదు.
దాని ఫోనులో గుండ్రం తిరగతానే ఉండాది.
బెంచీ మీద కదలక మెదలక కూర్చున్న పిల్లను
"చెయ్యి తే" అన్నా, ఈసారి నేను.

రాగితీగ తప్ప ఇంకేమీ తెలియని వేళ్లకు
పదైదు సెకన్లలో ముప్పై ఒకటి దొరికింది.
నూటా ఇరవై నాలుగు.
కూర్చున్న చోటనే
ఏ మెట్లు ఎక్కుతా ఉందో,
ఏ దర్వాజా కాడ ఆగి ఎదురు చూస్తా ఉందో.

కరెంటొచ్చింది.
బయట ఎవరో ఆటోలోంచి మోటారు దించుతాండారు.
"ఉండప్పా" అన్నా తలెత్తకుండా.
రెండో పదైదు మొదలైంది.