పద్నాలుగో రీలు

బొమ్మ నలుపు తెలుపు.
ముందుగాల ఆ ముచ్చట యాదిల పెట్టుకోవాలె.

ఒకటే ప్రింటు, రెండు టాకీసులు.
హన్మకొండల రీలు తిరిగి చల్లారకముందే
డబ్బా సైకిలు క్యారియర్‌కు కట్టుకొని
మా ఓదెలు చిన్నాయిన వరంగల్ల తేలాలె.
పదమూడు రీళ్లు అట్లనే తెచ్చిండు:
ఎడారి, ఒంటె, పటం చెరిసగం చింపుకున్న అన్నదమ్ములు,
విషం గిన్నె, మళ్ల ఎడారి.
పద్నాలుగోదాంట్లనే ఉన్నది బంగారు పట్నం,
దాని తలుపు తెరుసుడు, అది మునుగుడు.

పోచమ్మ మైదానం కాడ చైను తెగింది.
వాన ఎట్లాంటిదంటే
ఎదురుంగ వచ్చే రిక్షా గంట ఇనబడుతది గని రిక్షా కనబడదు.
డబ్బా మూత ఊడి
పట్నం పట్నమంత మోరీల పడ్డది.

ఆగిన లారీ లైట్ల ముంగట
ఫిల్మును రెండు చేతుల సాపి చూసిండట.
బొటనేలి గోరంత కోట,
దాని కింద ఇంకో గోరంత కోట,
వేల కోటలు, అన్నీ బూడిద రంగే.

ఆడ టాకీసుల కుర్చీలు ఇరుగుతున్నయి.
మేనేజరు మొహియుద్దీన్ సాబ్
చిన్నాయిన రెక్క పట్టి తెర ముంగటికి తెచ్చి
"ఏమైందో నువ్వే చెప్పు" అన్నడు.

తడిసిన లాగు, బురద కాళ్లు.
ఖాళీ తెర మీద పడ్డ వెలుగుల నిలబడి చెప్పిండు.
వాళ్లవ్వ చెప్పిన పరుసవేది కథల నుంచి ఇంత తీసుకున్నడు,
బండి చక్రం ఇనుప కట్టు రాయికి తాకి పసుప్పచ్చగయ్యేది.
కోట కాడి రాతి తోరణాలు నాలుగూ తెచ్చి
నాలుగు దిక్కుల నిలబెట్టిండు.
వీధులల్ల ఏం పరవాల్నో తోచక
కొత్తవాడ జంపఖానాలు పరిచిండు.
మునుగుడు మాత్రం చెప్పలె.
"తలుపు తెరిసిండ్రు. లోపట దీపాలున్నయి. శుభం."

ఒక్కడు పైసలు వాపసు అడగలె.

నేను అప్పటికి పుట్టలె. పుట్టినోళ్లు
ఆ బంగారం ఏ రంగుదని ఇప్పటికీ కొట్లాడుతరు.
మక్కకంకి అంటది మిల్లుల పనిచేసిన కనకలచ్చవ్వ.
కాదు, చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందె
అంటడు చెవులు ఇనరాని బిక్షపతి.
తెర మీదనే చూసినమంటరు. ఒట్టేస్తరు.

అమాస రాత్రి నిమ్మకాయలు, గడ్డపారలు పట్టుకొని
కోటల తవ్వేటోళ్లు తవ్వుతనే ఉన్నరు.
పెంకులు దొరుకుతయి. ఒకసారి గుర్రపు నాడ.
ఇనుపదే.

రీలు పైసలు చిన్నాయిన జీతంల కోసిండ్రు, ఆరు నెలలు.
కోసినంక అది నాదే గదా అని ఇంటికి తెచ్చుకున్నడు.
రెండేండ్లు అటక మీద పాము లెక్క చుట్టలు చుట్టుకొని ఉన్నది.
లగ్గం కుదిరినప్పుడు చేతిల చిల్లిగవ్వ లేదు.
మండిబజార్ల పాత ఫిల్ములు ఉడకబెట్టి
అడుగున మిగిలే వెండి తీసేటోడు ఒకడుండె.
వీధులు, ఏనుగులు, తలుపు, ముంచిన నీళ్లు,
అన్నీ ఒక్క కుండల ఉడికినయి.
ఒక జత మట్టెలకు వచ్చింది.
సన్నటియి.

చిన్నాయిన పోయిన దినం
మట్టెలు తియ్యవచ్చిన ఆడోళ్లతోని
ఐలవ్వ చిన్నమ్మ కాళ్లు దగ్గరికి గుంజుకొని అన్నది:
"ఇవి లగ్గానియి కావు. సినిమయి."

కుండల పడకుంట మిగిలిన తునక ఒకటి,
ఆరు బొమ్మలు,
అగ్గిపెట్టెల పెట్టి నాకిచ్చి పోయిండు.
అప్పుడప్పుడు కిటికీకి పట్టి చూస్త.
బంగారు తలుపు ఓరగ ఉంటది, దాని ఎనుక అట్ట కనబడతది.
అట్ట పక్కన, మూలకు,
కెమెరా తనను చూస్తలేదనుకొని
భుజం మీద తువ్వాలతోని ఒకాయన బీడీ ముట్టిస్తుండు.
ఆరు బొమ్మలల్ల
ఆ బీడీ ఇంక అంటుకోలె.