ఎడమ దిక్కు

మంచానికి ఎడమ దిక్కు కూసున్న.
సారంగం గోడనడుగుతడు:
“రాజవ్వ ఏడికి వోయింది?”
కంచంల కుడి సగం ఊడ్సుక తిని
ఇంకా ఆకలైతాందంటడు.

కాయితం నిండ చుక్కలు. అన్నీ కొట్టెయ్యమంటే
కుడి అంచువే కొడతడు,
కొట్టినయే మల్ల కొడతడు.
“ఒడిసినయ్ మేడం.”

డాక్టరమ్మ అన్నది:
కొత్తవాడ గల్లీ మొగదల నిలవడ్డవనుకో, ఏం కనవడ్తయ్?
అద్దకం కొట్టం, ఛాయ్ డబ్బ, నూలు గోదాం.
మా ఇల్లు లేదు.
ఇగ ఆ కొసకు వోయి ఇటు మల్లు.
కండ్లు మూసుకొని మల్లిండు:
మా ఇల్లు, గుంట మగ్గం, సగం నేసిన జంపఖానా,
అరుగు మీద కండెలు చుట్టుకుంట
నేను.
ఛాయ్ డబ్బ మాయం.

ఆగలేకపోయిన.
మంచం చుట్టు తిరిగి కుడికొచ్చిన.
“ఎప్పుడొచ్చినవే?”

డాక్టరమ్మ కోప్పడ్డది.
ఎడమకే వోయి కూసోవాల్నంట,
ఎతకనియ్యాల్నంట.