ఉప్పేడు

కార్తీకంలో వచ్చిన గాలికి రేడియోలో ఏదో పేరు చెప్పారు.
మా బారువ గట్టున ఆ పేరు ఎవరి నోటా పట్టలేదు.
"ఆ రాత్రి" అంటే చాలు.

తెల్లారి మా మామ దండాసి
మోకు భుజాన వేసుకుని చెట్ల లెక్కకి పోయాడు.
నలభై రెండు తాళ్ళు.
పదకొండు నేల మీద.
ఏడింటికి తల లేదు,
మొండేలు నిలబడి ఉన్నాయి, ఇంకా ఎవరి కోసమో.
మిగిలినవాటి మట్టలు చీలి, ఆకుల మీద తెల్లటి పొర.
వేలితో తీసి నాలుక్కి ఆనించుకున్నాడు.
"ఉప్పు" అన్నాడు.
ఆ పూట ఇంకో మాట లేదు.

పుష్యంలో గెల వేసే పోతుతాళ్ళు
మాఘం సగమయ్యేదాకా మొవ్వు విప్పలేదు.
మంచు కురవలేదు. బావిలో చేద అడుగు తగిలి మోగింది.
మామ ఎక్కాడు, దిగాడు, ఎక్కాడు.
గెలని బద్దల మధ్య నొక్కి, వేళ్ళతో మెత్తగా నలిపి,
వెంట్రుకవాసి గీశాడు.
రెండు పూటలా గీసేవాడు ఒక్క పూటే గీశాడు.
ఎందుకంటే,
"నీరసపడ్డ మనిసి కాడ నెత్తురు తీత్తామేటే?"

నిరుడు ఒక్క చెట్టు కింద రెండు లొట్లు పొంగేవి.
ఈ ఏడు మూడు చెట్లు కలిస్తే ఒక లొట్టి,
అదీ మెడ దాకా రాదు.
నేను ఇంటర్ చదివినదాన్ని, నోటుబుక్కులో రాస్తాను:
చెట్టు, పూట, ఎన్ని గ్లాసులు.
రుచికి అందులో గడి లేదు.

మొదటి లొట్టి దించిన పొద్దున
తాటాకు దొప్పలో పోసి ముందు నాకే ఇచ్చాడు.
చిక్కగా ఉంది.
ముదురు తీపి, రాలే ముందటి ఈతపండు తీపి.
ఆ వెనక చెంపల్లోకి పాకే పులుపు.
అంతా మింగేశాక, గొంతు వెనక,
తలుపు వెయ్యకుండా ఎవరో వెళ్ళిపోయినట్టు
సముద్రం.

"ఏటి కలిపినావే ఇందల?"
జీడి బట్టీ నుంచి వచ్చిన జెమ్మయ్య దొప్ప కింద పెట్టేశాడు.
నౌపడ ఉప్పుమడుల్లో ఇరవై ఏళ్ళు కాళ్ళు నానబెట్టిన బైరాగి మాత్రం
వేయించిన కవళ్ళు ముట్టకుండా చాలాసేపు కూర్చున్నాడు.
"కలిపింది కాదురా. సెట్టు తాగింది."
మళ్ళీ పొయ్యమన్నాడు.

తర్వాత సోంపేట నుంచి కూడా బళ్ళేసుకుని వచ్చారు
ఉప్పుకల్లు ఉందా అని.
ఒకడు తెల్లపొడి పొట్లం చూపించాడు,
లొట్టిని ఆరు లొట్లు చేస్తుందట.
మామ లొట్టి మూతి మీద అరచెయ్యి పెట్టాడు.
వాడు వెళ్ళేదాకా తియ్యలేదు.

కష్టపడితేనే రుచి వస్తుందని
ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.
తల తెగిన ఆ ఏడు చెట్లకీ ఏ రుచీ లేదు.
అప్పు ఇచ్చిన సాహుకారు రుచి అడగలేదు.
అయినా దొప్ప ఎత్తిన ప్రతిసారీ
ఆ రాత్రి మొత్తం నోట్లోకి వచ్చేది,
వచ్చి, తియ్యగా ఉండేది.
దానికి నేనేం చెయ్యను?

మామ ఏళ్ళని అంకెలతో చెప్పడు.
తన పెళ్ళి పల్చకల్లేట, నా పెనిమిటి పుట్టింది నురగేట.
ఇది ఉప్పేడు.

వైశాఖంలో మోకు విప్పి దండేన వేశాడు.
నోటుబుక్కులో చివరికి ఒక గడి గీశాను.
ఏం రాయాలో తెలియక కూర్చుంటే
దొప్ప అడుగున మిగిలిన చుక్క జారి అందులో పడింది.
తుడవలేదు.
ఎండాక చూశాను,
మరక అంచున
సన్నటి తెలుపు.