దారి ఆరిన నెల

జూన్‌లో వెళ్ళాం మేం,
దారి ఆరాక.
విశ్వవిద్యాలయం జీపు, నలుగురం, నాలుగు టాబ్లెట్లు,
ఇంటికి నూట పన్నెండు ప్రశ్నలు.
చిల్వా సరస్సుకి పడమటి ఊళ్ళలో
అప్పుడే కంకులు ఒలుస్తున్నారు.
అరుగుల మీద మొక్కజొన్న, చాపల మీద మొక్కజొన్న,
కోళ్ళ ముక్కుల్లో మొక్కజొన్న.

అబితి జలాసీ ఇల్లు మా జాబితాలో నలభై మూడోది.
ఇరవై ఏడో ప్రశ్న చదివాను:
"గడిచిన ముప్పై రోజుల్లో
మీ ఇంట్లో ఎవరైనా
తినడానికి ఏమీ లేక ఆకలితో పడుకున్నారా?"

ఆమె నా వంక చూసింది, తర్వాత గాదె వంక.
తర్వాత, నాకు చెవుడేమోనని, కొంచెం గట్టిగా:
"లేదు."
సున్నా నొక్కాను.
ఇరవై ఎనిమిది, సున్నా. ఇరవై తొమ్మిది, సున్నా.
సున్నాలు నొక్కడం సులువు,
వేలు అక్కణ్ణించి కదపక్కర్లేదు.

లేచేటప్పుడు అడిగింది:
"ఈ మాటే ఫిబ్రవరిలో వచ్చి అడగవేం?"
"ఫిబ్రవరిలో దారి ఉండదమ్మా."
"అవును," అంది, చేట అందుకుంటూ,
"మాకూ ఉండదు."

జోంబాలో, మెట్ల కింద గదిలో,
ఆ సున్నాలన్నీ పోగేసి ఒక గీత గీశాం.
గీత బుద్ధిగా కిందికి దిగింది.
రాజధానిలో ఎవరో దాన్ని వేలితో తడిమి
ఈ ఏడు ఎరువుల కూపన్లు తగ్గించొచ్చేమో అన్నారట.
మా ఆచార్యుడు చిలోంబో మంచివాడే.
"ఊళ్ళు సరిగ్గానే ఎంచాం," అన్నాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ,
చాలాసేపు తుడుచుకుంటూ,
"నెలనే ఎంచలేదు."

ఫిబ్రవరిలో వెళ్ళాను. ఒక్కణ్ణే. జీపు ఇవ్వలేదు.
సైకిల్ టాక్సీ కుర్రాడు సగం దూరం వచ్చి
బురద చూసి, కిరాయి కూడా సగమే తీసుకున్నాడు.
చెప్పులు చేత పట్టుకుని నడిచాను.

ఊరంతా పచ్చగా ఉంది. అది ముందు చెప్పాలి.
నిలువెత్తు పైరు, ఆకు మీద ఆకు,
పైనుంచి ఉపగ్రహం చూస్తే మురిసిపోతుంది.
ఆ పచ్చదనం నడుమ
పొయ్యిలోంచి పిల్లి లేవని ఇళ్ళు.

అబితి జలాసీ ఇంట్లో లేదు.
కోడి కూయకముందే ఎవరి చేలోనో కలుపు తియ్యడానికి పోయిందట.
గన్యు అంటారు ఇక్కడ.
పొద్దు వాలేదాకా వంగితే పళ్ళెం తవుడు.
తన చేలో మాత్రం కలుపు మోకాలెత్తుంది.
రేపటి పంటని ఇవాళ్టి తవుడుకి
రోజుకింత చొప్పున అమ్ముకుంటున్న ఈ బేరానికి
నా నూట పన్నెండులో ఒక్క ప్రశ్నా లేదు.

గుమ్మంలో మనవరాలు అసియాతు.
తొమ్మిదేళ్ళుంటాయి, లేదా పన్నెండుకి అలా కనిపిస్తోందేమో.
కుండలో ఉప్పులేని గుమ్మడాకు.

టాబ్లెట్ తీశాను. తడిసిపోయి వెలగలేదు.
ఒకందుకు మంచిదే.
కళ్ళు దాచుకోడానికి తెర లేకుండా
మొదటిసారి నోటితో అడిగాను:
"రాత్రి ఏం తిన్నారు?"

జవాబు చెప్పకుండా ఆ పిల్ల
నన్ను పెరటి చేలోకి తీసుకెళ్ళింది.
ఒక కంకి పైపొరలు రవ్వంత విప్పి
గింజలోకి బొటనవేలి గోరు దించింది.
తెల్లగా చిమ్మి నా చొక్కా మీద పడింది.
"ఇంకా పాలే," అంది.
పొరలు మళ్ళీ మూసింది,
నిద్రపోయేవాళ్ళకి దుప్పటి సర్దినట్టు.
పక్క మొక్క దగ్గరికి నడిచింది.

నేను వంగి మూసిన పొర విప్పి చూశాను.
నేటి గాటు పక్కన నిన్నటి గాటు,
ఆ పక్కన మొన్నటిది, ఎండి గోధుమరంగు తిరిగి.
ఎవరూ అడగకుండానే,
తారీకులు వెయ్యకుండానే,
వరస తప్పకుండా.

మూడో మొక్క దగ్గర
పద్దెనిమిది దాకా లెక్కపెట్టి
ఆపేశాను.